క్యాజువాలిటీలో చెప్పిన మాట కోర్టు దాకా వెళ్తుంది

రాత్రి పదకొండు గంటలు. బెంగళూరు హోసూరు రోడ్డు మీద, బొమ్మనహళ్లి దాటాక, ఒక బైకును వెనక నుంచి టెంపో గుద్ది వెళ్లిపోయిందనుకుందాం. పడిపోయిన కుర్రాడిది అనంతపురం జిల్లా, ఇక్కడ పీజీలో ఉంటున్నాడు. రూమ్మేట్లు ఆటో ఎక్కించి దగ్గర్లోని హాస్పిటల్‌కు తెచ్చారు. డ్యూటీ డాక్టర్ కేస్ షీట్ తెరిచి ఏమైందని అడిగాడు. "బండి స్కిడ్ అయింది సార్" అన్నాడు తోడొచ్చిన స్నేహితుడు.

ఆ మాట వెనక చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. పోలీసు కేసు అంటే వైద్యం ఆలస్యమవుతుందేమోనని భయం, కన్నడ సరిగా రాదన్న బెరుకు, ఊళ్లో అమ్మానాన్నలకు తెలిస్తే కంగారు పడతారన్న టెన్షన్. కానీ డాక్టర్ దాన్ని ఉన్నదున్నట్టు రాసుకుంటాడు: బైకు మీద నుంచి తానే జారిపడ్డాడు. ఏడాది, రెండేళ్ల తర్వాత, యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ మొట్టమొదట తెరిచే కాగితం ఆ కేస్ షీటే. అసలు ఎదుటి బండి లేనే లేదని, డబ్బుల కోసం తర్వాత ఎవరి బండినో ఇరికించారని వాదిస్తాడు. నిజంగా టెంపో గుద్దినవాడు కూడా ఆ ఒక్క వాక్యానికి జవాబు చెప్పుకోలేక నిలబడాల్సి వస్తుంది.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద అడిగే పరిహారానికి పునాది ఎదుటివారి తప్పు. బండి నడిపినవాడే జారిపడితే ఎదుటివారు ఉండరు, వారి ఇన్సూరెన్సూ ఉండదు. స్కిడ్ అన్న మాటకు అంత బరువు అందుకే. యాక్సిడెంట్ కేసంటే కోర్టులో వాదనలని చాలామంది అనుకుంటారు. నిజానికి మొదటి పది రోజుల్లో ఎవరెవరో రాసే నాలుగైదు కాగితాల దగ్గరే కేసు చాలావరకు తేలిపోతుంది. ట్రిబ్యునల్ ఆ తర్వాత చేసేది వాటిని చదవడం.

కాబట్టి హాస్పిటల్‌లో చెప్పాల్సింది జరిగింది జరిగినట్టు. ఏ బండి గుద్దింది, ఎటు నుంచి వచ్చింది, ఎక్కడ, ఎన్ని గంటలకు. నంబర్ తెలియకపోతే తెలియదనే చెప్పాలి, కానీ "టెంపో గుద్దింది" అన్న ముక్క తప్పకుండా రాయించాలి. రోడ్డు ప్రమాదం కేసును మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి పోలీసులకు సమాచారం పంపడం హాస్పిటల్ పని. ఆ ఎం.ఎల్.సి. నంబరును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకుంటే చాలు. తీసుకొచ్చిన వాళ్లు తమ మీదకేమైనా వస్తుందేమోనని తప్పుకుంటారు. ఆ భయం అక్కర్లేదు. సెక్షన్ 134ఎ ప్రకారం సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

డబ్బు గురించి కూడా ఆ రాత్రి తెలియాల్సిన విషయం ఒకటుంది. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకాన్ని అమలు చేస్తోంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల వరకు, పథకంలో ఉన్న హాస్పిటళ్లలో చికిత్స దొరుకుతుంది. ఏ రాష్ట్రం వాడు, ఏ బండి అన్న తేడా లేదు. అడిగితేనే తెలుస్తుంది, అడ్వాన్స్ కట్టే ముందే అడగాలి.

కన్నడలో ఉన్న ఎఫ్‌ఐఆర్

బెంగళూరులో రోడ్డు ప్రమాదాల కేసులు చూసేది ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లు. మామూలు స్టేషన్‌కు వెళ్లి "ఇది మా దగ్గర కాదు" అనిపించుకుని వెనక్కి రావడం మనవాళ్లకు తరచూ ఎదురయ్యే అనుభవం. ప్రమాదం జరిగిన చోటు ఏ ట్రాఫిక్ స్టేషన్ కిందకు వస్తుందో కనుక్కుని అక్కడికే వెళ్లాలి. గాయపడినవాడు లేవలేని స్థితిలో ఉంటే బంధువో స్నేహితుడో ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆలస్యమైందని వదిలేయకూడదు కూడా. ముందు ప్రాణం చూసుకుంటారు, తర్వాతే స్టేషన్‌కు వెళ్తారు, ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని 2011లో రవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ఎందుకు ఆలస్యమైందో ఫిర్యాదులోనే ఒక వాక్యంలో రాయాలి.

అసలు చిక్కు భాష దగ్గర. ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, మహజరు అన్నీ కన్నడలో ఉంటాయి. లిపి మన లిపికి దగ్గర కాబట్టి కూడబలుక్కుంటే సగం అర్థమైనట్టే ఉంటుంది. ముప్పు అక్కడే. ఫిర్యాదుల్లో పదే పదే కనిపించే మాట "అతివేగ మత్తు అజాగరూకతెయింద". మధ్యలో "మత్తు" కనబడగానే తాగి నడిపారని రాశారేమోనని తెలుగువాడి గుండె గుభేలుమంటుంది. కన్నడలో మత్తు అంటే "మరియు", అంతే. అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి అని ఆ వాక్యానికి అర్థం. నిజానికి క్లెయిమ్‌కు ప్రాణం లాంటి వాక్యం అది, ఉండి తీరాలి. అలాగే "హిందినింద డిక్కి" అంటే వెనక నుంచి ఢీకొట్టాడని, కారు డిక్కీతో దానికి సంబంధం లేదు. "చాలక" డ్రైవర్, "సవార" బైకు నడిపినవాడు, "గాయాళు" దెబ్బలు తగిలినవాడు. ఎవరి పేరు పక్కన ఏ మాట ఉందో చూసుకోవాలి. అజాగరూకతె అన్న మాట గాయాళు పేరు పక్కన ఉంటే అక్కడే ఆగి సరిచేయమని అడగాలి.

సంతకం పెట్టే ముందు కన్నడ చదవగలిగిన వాళ్లతో పూర్తిగా చదివించుకోవడానికి పావుగంట చాలు. పీజీ యజమానో, ఆఫీసులో సహోద్యోగో ఎవరో ఒకరు దొరుకుతారు. బండి నంబర్, సమయం, చోటు, ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు వెళ్తున్నారు, ఆధార్‌లో ఉన్నట్టే పేరు, ఇవి సరిపోవాలి. పేరు సంగతి చిన్నదిగా తీసిపారేయకూడదు. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇక్కడ రాసేవాళ్లకు అది అలవాటు లేదు. హాస్పిటల్ కాగితంలో ఇంటిపేరే పేరై, ఎఫ్‌ఐఆర్‌లో ఒట్టి ఇనిషియల్ మిగిలి, జీతం స్లిప్పులో మూడో రకంగా ఉంటే ఆ ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేసుకోవడం మరో పనవుతుంది. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, కర్ణాటక పోలీసుల వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతుంది.

ఎఫ్‌ఐఆర్ కంటే మహజరు మీద తక్కువ మంది దృష్టి పెడతారు. మన దగ్గర పంచనామా అంటామే, అదే. పోలీసులు చోటుకు వెళ్లి రోడ్డు వెడల్పు, బండ్లు పడి ఉన్న తీరు కొలిచి స్కెచ్ గీస్తారు. బైకు రోడ్డు మధ్యలో ఉన్నట్టో, రాంగ్ సైడ్‌లో ఉన్నట్టో గీత పడితే నీ తప్పూ ఉందంటూ పరిహారంలో కొంత శాతం కోసేస్తారు. ఇరవై శాతం, ముప్పై శాతం కోత అంటే లక్షల్లో మాట. మహజరు రోజున చూసిన సాక్షి ఒకరైనా చోటులో ఉంటే మేలు. చుట్టుపక్కల షాపుల సీసీ కెమెరాల్లో పాత రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది, కాబట్టి దాన్ని సేకరించమని మొదటి రెండు మూడు రోజుల్లోనే పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. హెల్మెట్ లేదన్న ఒక్క కారణంతోనో, బైకు మీద ముగ్గురున్నారన్న ఒక్క కారణంతోనో కోత పెట్టడం మాత్రం సరికాదు. ఆ ఉల్లంఘనకూ ప్రమాదానికో, తగిలిన గాయాలకో సంబంధం చూపించాలని 2020లో మొహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆరు నెలలు, రెండు ఊళ్లు

2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 50 రోజుల్లో మధ్యంతర నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలన్న నియమం ఉంది. పూర్తి నివేదికనే క్లెయిమ్ పిటిషన్‌గా తీసుకునే వీలు కూడా చట్టంలో ఉంది. పోలీసులు పంపారు కదా అని మాత్రం కూర్చోకూడదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లో క్లెయిమ్ వేయాలన్న గడువు కూడా సెక్షన్ 166(3) కింద 2022 ఏప్రిల్ 1 నుంచే వచ్చింది, దానికి ముందు చాలా ఏళ్లుగా గడువే లేదు. ఈ గడువు మీద వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయడం తెలివైన పని కాదు. కాలికి రాడ్ వేయించుకుని ఊళ్లో మంచం మీద ఉన్నవాడికి ఆరు నెలలు ఎలా గడిచిపోతాయో తెలియదు.

ఎక్కడ వేయాలి అన్నది బెంగళూరు తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ప్రశ్న. ప్రమాదం జరిగిన చోట వేయవచ్చు, బాధితుడు ఉండే చోట వేయవచ్చు, ఎదుటి పక్షం ఉండే చోటా వేయవచ్చు. బెంగళూరులో అయితే స్మాల్ కాజెస్ కోర్టు ట్రిబ్యునల్స్‌లో ఎం.వి.సి. నంబరుతో నడుస్తుంది. ఊళ్లో వేస్తే జిల్లా కోర్టులో, మనవాళ్లు ఎం.వి.ఓ.పి. అంటారు. సొంత ఊళ్లో లాయర్‌తో తెలుగులో మాట్లాడుకోవచ్చు, ప్రతి వాయిదాకూ రాత్రి బస్సు ఎక్కనక్కర్లేదు. కానీ ఆపరేషన్ చేసిన డాక్టర్ ఇక్కడివాడైతే సాక్ష్యానికి ఆయన అనంతపురం రావాలి, పోలీసు కాగితాలన్నీ కన్నడ నుంచి అనువాదం చేయించాలి. చికిత్స అంతా బెంగళూరులోనే జరిగి, వైకల్యం మీద గట్టి వాదన ఉండబోతుంటే ఇక్కడే వేయడం మేలు. చనిపోయిన కేసుల్లో డాక్టర్ సాక్ష్యం అవసరం తక్కువ, కుటుంబం ఊళ్లోనే ఉంటుంది, అక్కడ ఊరి కోర్టే సుఖం. ఒకే ప్రమాదానికి ఒకరే రెండు చోట్లా వేయడం మాత్రం కుదరదు.

గుద్ది పారిపోయిన బండి దొరకనే లేదనుకుందాం. అప్పుడు దారి వేరు. హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. దరఖాస్తు ట్రిబ్యునల్‌కు కాదు, ప్రమాదం జరిగిన ప్రాంతంలోని క్లెయిమ్స్ విచారణాధికారికి, అంటే తహశీల్దార్ లేదా సబ్ డివిజన్ అధికారికి ఇవ్వాలి. మొత్తం చిన్నదే, కానీ అడగక వదులుకున్న కుటుంబాలు చాలానే ఉంటాయి.

సంపాదన రుజువు, డాక్టర్ శాతం

పరిహారం ఎలా కడతారో ఒకసారి లెక్క వేసి చూస్తే ఏ కాగితం విలువ ఎంతో తెలుస్తుంది. చిత్తూరు నుంచి వచ్చి బెంగళూరులో క్యాబ్ నడుపుకునే 28 ఏళ్ల యువకుడికి కాలు దెబ్బతిని సంపాదించే శక్తి 20 శాతం తగ్గిందనుకుందాం. నెలకు 20 వేలు సంపాదిస్తున్నట్టు రుజువైంది. 2017 నాటి ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం 40 ఏళ్లలోపు సొంత పని చేసుకునేవారి సంపాదనకు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే 28 వేలు. ఏడాదికి 3,36,000. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 26 నుంచి 30 ఏళ్ల వారికి గుణకం, అంటే ఏడాది సంపాదనను వయసును బట్టి హెచ్చవేసే సంఖ్య, 17. గుణిస్తే 57,12,000. అందులో 20 శాతం 11,42,400. ఇది భవిష్యత్తు సంపాదన నష్టం ఒక్కటే. వైద్య ఖర్చులు, నొప్పికి, పని చేయలేని నెలల జీతానికి, మనిషి తోడున్నందుకు వచ్చేవి వేరే.

ఇప్పుడు అదే యువకుడి దగ్గర సంపాదనకు కాగితం లేదనుకుందాం. కోర్టు ప్రమాదం జరిగిన సంవత్సరాన్ని బట్టి ఒక ఊహాజనిత ఆదాయం తీసుకుంటుంది. కర్ణాటకలో ఇందుకు లోక్ అదాలత్ కోసం తయారు చేసిన సంవత్సరాల వారీ పట్టికను కోర్టులు చూస్తాయి. లెక్క కోసం 14 వేలు అనుకుంటే అదే దారిలో వచ్చేది 7,99,680. కాగితం లేనందుకు పోయింది 3,42,720 రూపాయలు. క్యాబ్ యాప్‌లో వారం వారం వచ్చే చెల్లింపుల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, లోన్ వాయిదాలు కట్టిన రికార్డు, ఇవే ఆ మూడున్నర లక్షలు. సెంట్రింగ్ పనివాళ్లు, మేస్త్రీలు, హోటల్ వంటవాళ్లు చేతికి నగదు తీసుకుంటారు, నోటిమాట తప్ప రుజువు ఉండదు. కూలి డబ్బు నెలకు కొంతైనా బ్యాంకులో పడేలా చూసుకోవడం యాక్సిడెంట్ కోసమని కాకపోయినా మంచి అలవాటే.

ఇక 20 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? డాక్టర్ ఇచ్చే వైకల్యం శాతం, సంపాదన శక్తి నష్టం, ఈ రెండూ ఒకటి కావు. 2011లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవర్‌కో వడ్రంగికో నష్టం దాదాపు వంద శాతం. అదే చెయ్యి పోయిన ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. డాక్టర్ కాలు వరకే శాతం చెప్తాడు, ఒళ్లంతటికీ లెక్క వేస్తే అది తగ్గుతుంది. ఆ తగ్గింపు దగ్గరే డ్రైవర్లు, కూలీలు నష్టపోతున్నారు. గేరు, క్లచ్ తొక్కలేని డ్రైవర్‌కు కాలు శాతం చూసి సరిపెట్టడం అన్యాయం. ఏ పని చేసేవాడు, ఆ పనిలో ఇప్పుడు ఏది చేయలేకపోతున్నాడు అన్నది సాక్ష్యంలో ఒక్కొక్కటిగా చెప్పించాలి. లాయర్ అడగకపోతే బాధితుడే గుర్తు చేయాలి.

బిల్లుల సంగతి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్‌కు ఒరిజినల్ బిల్లులు ఇచ్చేస్తే ట్రిబ్యునల్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. ఇచ్చే ముందే హాస్పిటల్ ముద్రతో నకళ్లు తీసుకోవాలి. ఊళ్లో మెడికల్ షాపులో కొన్న మాత్రలకు, ఫిజియోథెరపీకి, ఆటోలకు కూడా రసీదులు దాచాలి.

నాన్న పేరున ఉన్న బండి

బెంగళూరులో తెలుగు కుర్రాళ్లు నడిపే బైకుల్లో చాలా వాటికి ఏపీ నంబర్లే ఉంటాయి, ఆర్‌సీ నాన్న పేరునో అన్న పేరునో ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని గొయ్యి ఒకటుంది. ఓనర్ డ్రైవర్‌కు తప్పనిసరిగా ఉండాల్సిన 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ సాధారణంగా ఆర్‌సీలో పేరున్న మనిషే నడుపుతున్నప్పుడు వర్తిస్తుంది. కొడుకు ఒంటరిగా జారిపడితే ఆ కవర్ నాన్నది, కొడుక్కు రాదు. స్నేహితుడి బండి అడిగి తీసుకున్నవాడి పరిస్థితీ అంతే. అడిగి తెచ్చుకున్నవాడు ఓనర్ స్థానంలోనే ఉంటాడు కాబట్టి ఆ బండి ఇన్సూరెన్స్ మీద థర్డ్ పార్టీగా క్లెయిమ్ చేయలేడని 2020లో రామ్‌ఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎదుటి బండి తప్పు ఉంటే దాని ఇన్సూరెన్స్ మీద హక్కు మాత్రం ఉంటుంది. అందుకే సొంత పేరున బండి లేకపోయినా రోజూ బండి నడిపే ప్రతివాడికీ విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి ఉండాలి. దాని ప్రీమియం పెద్దదేమీ కాదు.

వెనక కూర్చున్నవాళ్లదీ ఇలాంటి సమస్యే. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న బైకు అదుపు తప్పి పడితే వెనక కూర్చున్న మనిషికి ఆ పాలసీ కింద బాధ్యత లేదని కంపెనీలు వాదిస్తాయి, 2006 నాటి తిలక్ సింగ్ తీర్పు వాళ్లకు బలం. థర్డ్ పార్టీతో పాటు సొంత బండి నష్టానికీ (ఓన్ డ్యామేజ్) కవర్ ఉండే ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్లకూ, కార్లో ఉన్నవాళ్లకూ రక్షణ ఉంటుందని బీమా నియంత్రణ సంస్థ 2009లోనే స్పష్టం చేసింది. కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి వస్తుంది కాబట్టి మొదటి ఏడాది తర్వాత ఓన్ డ్యామేజ్ రెన్యూ చేయకుండా వదిలేస్తారు, అప్పుడు మిగిలేది థర్డ్ పార్టీ ఒక్కటే. భార్యనో చెల్లెలినో వెనక ఎక్కించుకుని తిరిగే బండికి అది మంచిది కాదు.

ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరి నుంచి రాజీ ప్రస్తావన రావచ్చు. కంపెనీ అధికారి 30 రోజుల్లో రాజీ ఆఫర్ ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదో చూడకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు ఉన్నాయి. గాయం చిన్నదై పూర్తిగా మానిపోయేదైతే తీసుకోవడంలో తప్పు లేదు. కానీ ఒప్పుకుంటే 166 కింద పెట్టుకున్న క్లెయిమ్ ముగిసిపోతుంది. పైన లెక్క వేసిన క్యాబ్ డ్రైవర్ కాలు విరిగిన నెలకే 2.5 లక్షలకు సంతకం పెడితే పదకొండు లక్షల పైచిలుకు మాట మళ్లీ ఎత్తలేడు. రాడ్ తీసేదాకా, నడక ఎంత తిరిగొస్తుందో డాక్టర్ చెప్పేదాకా ఆగాలి. లోక్ అదాలత్‌లో కుదుర్చుకున్నదీ ఆఖరిదే, దాని మీద అప్పీలు ఉండదు. కోర్టులో ఏళ్లు పట్టే కేసు ఒక్క రోజులో తేలడం పెద్ద సౌకర్యమే, అయితే లెక్క చేతిలో పెట్టుకునే కూర్చోవాలి.

హాస్పిటల్ వరండాలోనే "కేసు మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో ఇంత శాతం" అంటూ పలకరించే మధ్యవర్తులు ఉంటారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకు బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం నిషిద్ధం. ఫీజు కట్టలేనివారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది. ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగితే ఎవరికీ పెట్టకూడదు. పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలోనే వేయించాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పిటిషన్‌తో పాటు ఇవ్వాల్సిన పాస్‌బుక్ జెరాక్స్ బాధితుడి సొంత పేరున, ఊళ్లో ఇంటికి దగ్గరగా ఉన్న బ్రాంచిది అయితే డబ్బు వచ్చిన రోజున తీసుకోవడానికి మళ్లీ బెంగళూరు బస్సు ఎక్కనక్కర్లేదు.